ఆ బ్రోడీ కట్టె

జాన్ బ్రోడీ ఆట నేను ఒక్కటి కూడా కళ్ళారా చూడలేదు. ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటం మానేసిన 1973లో నేను జగిత్యాలలో పలకా బలపం పట్టుకుని అక్షరాలు దిద్దుతున్నాను. ఆయన గోల్ఫ్‌లో గెలిచిన 1991లో హైదరాబాద్‌లో ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నాను. అయినా ఆయన సంగతులు నాకు సొంత మేనమామ సంగతుల్లా గుర్తున్నాయి. కారణం నేను అద్దెకున్న ఇంటి యజమాని.

1998లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో దిగాను. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయంతో, అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్న మమ్మల్నందరినీ విమానాలెక్కించిన కాలం అది. అపార్ట్‌మెంట్‌లో నలుగురితో సర్దుకోలేక ఒక పెద్దాయన ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, కూతురు వేరే ఊళ్ళో. పుట్టి పెరిగింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. పేరు పెట్టి పిలవమనేవాడు. అరవై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. 'సార్' అనేవాణ్ణి. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అన్నట్టు చూసేవాడు.

ఆయన గ్యారేజీలో పనిముట్ల బీరువా ఒకటి ఉండేది. దాని తలుపు లోపలివైపు రెండు బొమ్మలు అంటించి ఉన్నాయి. ఒకటి పన్నెండో నంబరు ఎర్ర జెర్సీలో బంతి విసరబోతున్న కుర్రాడి ఫొటో. రెండోది పేపర్ కటింగ్. అందులో టోపీ పెట్టుకుని కాస్త ఒళ్ళు చేసిన మనిషి, చేతిలో గోల్ఫ్ కర్ర. ఇద్దరు వేర్వేరు మనుషులనుకున్నాను. స్క్రూడ్రైవర్ కోసం వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి గానీ, అడగాలని తోచలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ నాకు మొదట్లో ఏమీ ఎక్కలేదు. కాలితో ఆడని ఆటకు ఆ పేరేమిటి? ఐదు సెకన్లు కుమ్ముకోవడం, అర నిమిషం నిలబడటం. పెద్దాయనే నేర్పాడు, అదీ టీవీ ముందు కాదు, పెరట్లో. బంతి పీచు తీయని కొబ్బరికాయలా ఉంటుంది. దాని మీద తెల్లటి దారం కుట్లు. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఆ కుట్ల మీద పెట్టించి, చూపుడు వేలు కొస దగ్గరికి జరిపించి, విసిరేటప్పుడు ఆ వేలే ఆఖరున బంతిని వదలాలన్నాడు. సరిగ్గా వదిలితే బంతి తన చుట్టూ తాను తిరుగుతూ బాణంలా పోతుంది. నేను విసిరితే రెక్క విరిగిన కాకిలా కొట్టుకుంటూ పక్కింటి కంచె మీద పడేది. క్వార్టర్‌బ్యాక్ అంటే ఆ బంతి విసిరేవాడు. ఎదుటివాళ్ళు మీద పడి నలిపేసేలోపు రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. ఆ రోజుల్లో అయితే ఏ ఎత్తు వెయ్యాలో కూడా చాలావరకు అతనే, మిగతా పదిమందినీ గుండ్రంగా నిలబెట్టి చెప్పేవాడట. ఇప్పుడు కోచ్‌లు హెల్మెట్‌లోకి మాటలు పంపుతున్నారని ఆయనకు కోపం. "అది రిమోట్ కారు, క్వార్టర్‌బ్యాక్ కాదు" అనేవాడు.

1999 జనవరి 3, ఆదివారం. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కీ గ్రీన్‌బే ప్యాకర్స్‌కీ ప్లేఆఫ్ మ్యాచ్. నేను శ్రద్ధగా చూసిన మొదటి మ్యాచ్ అదే. ఓవెన్స్ అన్న కుర్రాడు ఆ రోజంతా చేతికొచ్చిన బంతుల్ని జారవిడుస్తూనే ఉన్నాడు. చివరికి ఎనిమిది సెకన్లు మిగిలుండగా స్టీవ్ యంగ్ అదే కుర్రాడికి విసిరాడు. ఈసారి పట్టాడు. 30–27. నేను సోఫా మీంచి ఎగిరి గంతేశాను. పెద్దాయన కదల్లేదు. రిమోట్ తీసి టీవీ నోరు నొక్కి, "ఇవాళ జనవరి 3" అన్నాడు.

అవునన్నాను.

"1971లో కూడా జనవరి 3 ఆదివారమే" అన్నాడు. లేచి గ్యారేజీలోకి రమ్మన్నాడు. బీరువా తలుపు తెరిచి, "వీడూ వీడూ ఒకడే" అన్నాడు.

ఆ సాయంత్రం గ్యారేజీలో విన్నదీ, ఆ తర్వాత రెండేళ్ళలో ముక్కలు ముక్కలుగా విన్నదీ కలిపి చెబుతున్నాను.

బ్రోడీ అక్కడివాడే. ఓక్లాండ్‌లో పెరిగాడు, స్టాన్‌ఫర్డ్‌లో చదివాడు. అక్కడ ఫుట్‌బాలూ ఆడాడు, గోల్ఫ్ జట్టులోనూ ఆడాడు. 1957లో, జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఫార్టీనైనర్స్ ఆయన్ని మొత్తం మీద మూడో ఎంపికగా తీసుకున్నారు. అప్పటి నుంచి 1973 దాకా పదిహేడు సీజన్లు ఒకే జట్టు. వేసవిలో మాత్రం గోల్ఫ్. ఆ కాలంలో ఫుట్‌బాల్ జీతాలు ఇప్పటిలా ఉండేవి కావు, సీజన్ అయిపోగానే ఆటగాళ్ళు వేరే పనులు చూసుకునేవాళ్ళు. ఈయన చూసుకున్న పని ప్రొఫెషనల్ గోల్ఫ్. 1959లో న్యూయార్క్ దగ్గరి వింగ్డ్ ఫుట్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ జరిగితే అందులోకి అర్హత సంపాదించాడు. మొదటి రెండు రోజులాడి, వెనకబడినవాళ్ళని ఆపేసే 'కట్' దాటలేక ఇంటికొచ్చాడు. కొంతకాలం ఇలా రెండు పడవల మీద కాళ్ళు పెట్టి, తర్వాత గోల్ఫ్‌ని పక్కన పెట్టి ఫుట్‌బాల్ మీద పడ్డాడు.

ఫుట్‌బాల్ ఆడింది కేజార్ స్టేడియంలో. గోల్డెన్ గేట్ పార్క్ మూలన ఉండేది. సుమారు అరవై వేలమంది బెంచీల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. మ్యాచ్ చివరికొచ్చేసరికి సముద్రపు కాకులు పైన గిరికీలు కొడుతూ, జనం ఎప్పుడు లేస్తారా, పారేసిన తిండి ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూసేవట. ఆ జనమే, ఓడితే ఆటగాళ్ళ మీద బీరు డబ్బాలు విసిరేవాళ్ళు. చివరికి ఆటగాళ్ళు లోపలికెళ్ళే సొరంగం దారికి పైన ఇనుప జాలీ కట్టాల్సి వచ్చింది. ఎక్కువ తిట్లు తిన్నది బ్రోడీ. గెలిస్తే జట్టు గెలిచింది, ఓడితే బ్రోడీ ఓడించాడు. మనకు క్రికెట్ కెప్టెన్ల విషయంలో తెలియనిదేం కాదు ఇది.

డబ్బు గొడవ ఒకటి. 1966లో పోటీ లీగ్‌కు చెందిన హ్యూస్టన్ ఆయిలర్స్ బ్రోడీకి పెద్ద మొత్తం ఆశ చూపింది. ఇంతలో రెండు లీగులూ కలిసిపోదామని ఒప్పందానికొచ్చాయి. ఇంకేముంది, ఆ బేరం పోయినట్టేననుకున్నారు. బ్రోడీ వదల్లేదు, మాటంటే మాటే అన్నాడు. ఆఖరికి ఫార్టీనైనర్స్‌తో దాదాపు పది లక్షల డాలర్ల దాకా వచ్చే ఒప్పందం కుదిరింది. అప్పట్లో అది కళ్ళు తిరిగే మొత్తం. అప్పటి నుంచి పాస్ గురి తప్పిన ప్రతిసారీ జనానికి ఆ డబ్బే గుర్తొచ్చేది. గోల్ మీదికి తన్నేటప్పుడు ఒకడు బంతిని నేల మీద నిలబెట్టి పట్టుకోవాలి. అంత డబ్బు తీసుకునేవాడివి ఈ బంతి పట్టుకునే పనేంటయ్యా అని ఎవరో అడిగితే, "నేను పట్టుకోకపోతే పడిపోతుంది" అన్నాడని చెప్పుకుంటారు. పెద్దాయన ఈ ముక్క చెప్పి ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు.

1970 బ్రోడీకి గొప్ప ఏడాది. ముప్పై అయిదేళ్ళ వయసు. 24 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించి పాయింట్లు తెచ్చినవి. బంతి చేతిలో ఉండగా ఎదుటివాళ్ళు ఆయన్ని పడగొట్టింది సీజన్ మొత్తంలో ఎనిమిదిసార్లే. లీగ్ మొత్తానికీ ఆయన్నే మేటి ఆటగాడన్నారు. 1971 జనవరి 3న డాలస్ కౌబాయ్స్‌తో కేజార్‌లోనే మ్యాచ్, గెలిస్తే సూపర్ బౌల్ అనే ఫైనల్. ఫార్టీనైనర్స్‌కు ఆ మైదానంలో అదే ఆఖరి ఆట కూడా, తర్వాతి సీజన్‌కి క్యాండిల్‌స్టిక్ స్టేడియానికి మారిపోయారు. పెద్దాయన తండ్రితో కలిసి వెళ్ళాడు. సగం ఆట అయ్యేసరికి 3–3. మూడో క్వార్టర్‌లో బ్రోడీ విసిరిన పాస్‌ని లీ రాయ్ జోర్డన్ పట్టేశాడు, డాలస్‌కు టచ్‌డౌన్. కాసేపటికి ఇంకో పాస్‌ని మెల్ రెన్‌ఫ్రో పట్టేశాడు, ఇంకో టచ్‌డౌన్. 17–10. అయిపోయింది.

"నా చేతిలో ఖాళీ డబ్బా ఉంది" అన్నాడు పెద్దాయన. "విసిరాను."

"తగిలిందా?"

"లేదు. మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండేది, దాని మీద పడింది. మా నాన్న చూశాడు. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు."

అంతవరకే చెప్పి, కింద పడి ఉన్న నట్టు ఒకటి తీసి డబ్బాలో వేశాడు. ఆ సీజన్ అంతా తమని అంతదాకా మోసుకొచ్చిన మనిషి మీద విసిరానన్నది ఆయన బాధ. కాదు, ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు, నేనే అంటున్నాను. ఆయన అనేది లెక్కలు. పాస్‌లతో జట్టుని ముందుకు నడిపింది 31,548 గజాలు. రిటైరయ్యేనాటికి లీగ్ చరిత్రలో అంతకంటే ఎక్కువ గజాలు విసిరినవాళ్ళు ఇద్దరే, యునైటస్, టార్కెంటన్. అయినా గొప్ప ఆటగాళ్ళకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవంలోకి తీసుకోలేదని పళ్ళు కొరికేవాడు. నేనూ కాస్త ముదిరాక ఒకసారి, "టచ్‌డౌన్లు 214, ఎదుటివాళ్ళు పట్టేసిన పాస్‌లు 224, ఆ సంగతేంటి సార్" అన్నాను. ఆ నెల కరెంటు బిల్లులో నా వాటా ఎందుకో కొంచెం పెరిగింది.

ఆ తర్వాతి ఏడాదీ డాలస్ చేతిలోనే ఓటమి, 14–3. 1972లో బ్రోడీ చీలమండకు దెబ్బ తగిలితే స్టీవ్ స్పరియర్ అనే కుర్రాడు ఆడాడు. సీజన్ ఆఖరి మ్యాచ్‌లో మిన్నెసోటా మీద ఓడిపోతుంటే ముసలి బ్రోడీని మైదానంలోకి దింపారు. చివరి క్వార్టర్‌లో రెండు టచ్‌డౌన్లు విసిరి 20–17తో గెలిపించాడు. ఆ వెంటనే ప్లేఆఫ్‌లో మళ్ళీ డాలస్. 28–13 ఆధిక్యంలో ఉండి కూడా 30–28తో ఓడిపోయారు. వరసగా మూడేళ్ళు, మూడుసార్లూ ఒకే జట్టు. పెద్దాయన ఇంట్లో డాలస్ పేరెత్తకూడదు. మా కంపెనీ ట్రైనింగ్‌కి నన్ను అక్కడికి పంపితే, టెక్సాస్ వెళ్తున్నానని మాత్రమే చెప్పాను.

గోల్ఫ్ సంగతి చెప్పడానికి ఆయన మాటలు వాడలేదు. ఒక శనివారం పొద్దున కారెక్కించి సంకెన్ గార్డెన్స్‌కి తీసుకెళ్ళాడు. సన్నీవేల్ ఊరివాళ్ళ మున్సిపల్ గోల్ఫ్ కోర్సు, తొమ్మిది హోల్స్. పక్కనే ప్రాక్టీసు చేసుకునే చోటు. గోల్ఫ్ అంటే కలెక్టర్లూ కర్నల్‌లూ ఆడే ఆట అని నా లెక్క. అక్కడ చూస్తే ప్లంబర్లు, పోస్ట్‌మన్లు, చెప్పుల్లో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. బకెట్ నిండా బంతులు కొన్నాడు. ఏడో నంబరు ఐరన్, అంటే ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర, ఒకటి నా చేతికిచ్చాడు. నేను చిన్నప్పుడు చిర్రగోనె బాగా ఆడినవాణ్ణి, ఎగిరే చిర్రనే కొట్టినవాడికి కదలని బంతి ఒక లెక్కా అనుకున్నాను. బలం కొద్దీ కొట్టాను. గడ్డిచాప లేచింది, బంతి లేవలేదు. "పామేమైనా కనబడిందా?" అన్నాడు పెద్దాయన.

బకెట్ అయ్యేసరికి బొటనవేలి పక్కన రెండు బొబ్బలు. ఒకే ఒక్క బంతి సరిగ్గా తగిలింది. అలా తగిలినప్పుడు చేతికి దెబ్బ తెలియదు, మెత్తగా ఏదో కోసినట్టుంటుంది. తలెత్తి చూస్తే అది ఎక్కడో ఆకాశంలో. అప్పుడు చెప్పాడాయన, తిరిగొస్తూ కారులో. ఫుట్‌బాల్ మానేశాక బ్రోడీ ఎన్‌బీసీ టీవీలో వ్యాఖ్యాత అయ్యాడు, ఫుట్‌బాల్‌కీ గోల్ఫ్‌కీ కూడా. 1981లో మళ్ళీ యూఎస్ ఓపెన్‌కి అర్హత సంపాదించాడు, పెన్సిల్వేనియాలోని మెరియన్‌లో. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఇరవై రెండేళ్ళు. మళ్ళీ కట్ దాటలేదు. 1985లో యాభై నిండగానే, యాభై దాటినవాళ్ళ సీనియర్ టూర్‌లో చేరాడు. జీవితమంతా గోల్ఫ్ తప్ప ఇంకోటి చెయ్యనివాళ్ళతో పోటీ. ఒక ఏడాది, రెండేళ్ళు, అయిదేళ్ళు, గెలుపు లేదు.

1991లో లాస్ ఏంజెలెస్‌లో, రాంచో పార్క్‌లో గెలిచాడు. ముగ్గురు సమానమై, విజేతని తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్ళారు. మిగతా ఇద్దరూ మామూలువాళ్ళు కాదు. ఒకరు జార్జ్ ఆర్చర్, 1969లో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ గెలిచినవాడు. ఇంకొకరు చీచీ రోడ్రిగ్స్, బంతి గుంటలో పడితే గోల్ఫ్ కర్రని కత్తిలా తిప్పి ఒరలో పెట్టుకునే ప్యూర్టోరికో మనిషి. వాళ్ళిద్దర్నీ దాటి యాభై ఆరేళ్ళ బ్రోడీ గెలిచాడు. తర్వాత 1998 దాకా ఆడినా ఇంకోటి గెలవలేదు. ఉన్నది అదొక్కటే.

"రాంచో పార్క్ కూడా మున్సిపల్ కోర్సే, తెలుసా" అన్నాడు పెద్దాయన, తన స్థలంలో ఎవరో గుడి కట్టినంత గర్వంగా. సోమవారం పొద్దున పేపర్లో చూశాడట. కత్తిరించి బీరువా తలుపుకి అంటించాడు. ఉత్తరం కూడా ఒకటి రాశాడట బ్రోడీకి, ఆ డబ్బా సంగతి చెబుతూ. పోస్ట్ చేశారా అని అడిగితే జవాబు చెప్పకుండా ఇండికేటర్ వేసి లేన్ మారాడు.

2000లో అమ్మా బాపూ వచ్చారు. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదని నన్ను నిలదీయడానికి వచ్చారు నిజానికి. హోటలెందుకు, రెండు గదులు ఖాళీగా ఉన్నాయిగా అన్నాడు పెద్దాయన. బాపు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఆయన ఇంగ్లీషు వ్యాకరణం తప్పదు గానీ యాస మాది. పెద్దాయనది ముక్కుతో మింగేసే ఇంగ్లీషు. ఇద్దరూ ఒకరినొకరు 'సార్' అని పిలుచుకుంటూ పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్ళు. ఎవరికెంత అర్థమైందో ఇప్పటికీ తెలియదు. స్తంభాలెక్కిన ఉద్యోగం అని తెలిశాక బాపుకు గౌరవం పెరిగింది. అమ్మ పప్పుచారుకి పెద్దాయన అలవాటు పడ్డాడు, గ్లాసులో పోసుకుని తాగేవాడు.

బాపుని కూడా సంకెన్ గార్డెన్స్‌కి తీసుకెళ్ళాం. తెల్ల పంచె, స్వెట్టర్, తలకు మఫ్లరు. ఏడో నంబరు ఐరన్ పట్టుకుని బంతి పక్కన వంగి, దాని అంచు మీద టక్కున కొట్టాడు, చిర్ర లేపినట్టు. "ఏందిరా ఇది, లేస్తలేదు" అన్నాడు. అది లేచే రకం కాదు బాపూ, కింద ఉండగానే కొట్టాలి అన్నాను. "కింద పడ్డదాన్ని కొట్టుడేం ఆటరా" అన్నాడు. పక్కవాళ్ళు బంతులు ఆపి చూస్తున్నారు. మూడోసారికి పంచె ఎగగట్టి, అడ్డంగా ఊపాడు. బంతి నేలకు జానెడు ఎత్తున కుందేలులా పరుగెత్తి దూరంగా ఉన్న బోర్డుకు తగిలింది. పెద్దాయన రెండు చేతులూ పైకెత్తాడు. ఫుట్‌బాల్‌లో టచ్‌డౌన్‌కి రెఫరీ ఎత్తేది అలాగే.

ఆ ఏడాదే బ్రోడీకి పక్షవాతం వచ్చింది. ఆ వార్త చదివిన పొద్దున పెద్దాయన పేపర్ మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. మాట దెబ్బతిన్నదట అన్నాడు. బాపు నావైపు చూశాడు. ఎవరో ఏమిటో తెలుగులో చెప్పాను. అందరినీ చుట్టూ నిలబెట్టుకుని ఎత్తు చెప్పినవాడు, తర్వాత టీవీలో మాటతోనే బతికినవాడు అని. బాపు టీ గ్లాసు కింద పెట్టి, "మాట పోతే బడిపంతులుకైతే ఏం మిగుల్తదిరా" అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులోకి మార్చబోయాను. వద్దన్నట్టు పెద్దాయన చెయ్యి ఊపాడు.

తిరుగు ప్రయాణం నాడు ఆ ఏడో నంబరు ఐరన్ బాపు చేతిలో పెట్టాడు. బాపు మొహమాటపడ్డాడు, తర్వాత పెట్టెలో ఎలా పడుతుందని టెన్షన్ పడ్డాడు. అట్టపెట్టెలో దుప్పట్ల మధ్య ఐమూలగా పెట్టి పంపాం.

నేను పెళ్ళి చేసుకుని ఫ్రీమాంట్ మారిపోయాను. పెద్దాయన ఇల్లమ్మేసి కూతురి దగ్గరికెళ్ళాడు, కొన్నేళ్ళకు పోయాడు. బీరువా తలుపు ఏమైందో అడగడం మరిచిపోయాను. బాపు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "ఆ గోల్ఫ్ సారు ఎట్లున్నడు?" అనేవాడు. బ్రోడీ గురించి అడుగుతున్నాడో పెద్దాయన గురించో నాకు తెలిసేది కాదు. బాగానే ఉన్నాడు బాపూ అనేవాణ్ణి.

ఇప్పుడు బాపూ లేడు. జగిత్యాలలో మా ఇంటి మీదికి కోతుల మందలు వస్తాయి, జామకాయలు మిగలనివ్వవు, వడియాలు ఎండనివ్వవు. ఐరన్ కర్ర వీధి తలుపు వెనకే ఉంటుంది. రబ్బరు పట్టు జిగటగా అయిపోతే అమ్మ పాత చీర పేలిక చుట్టింది. పోయినసారి వెళ్ళినప్పుడు మేడ మీద దబదబ చప్పుడైంది. అమ్మ వంటింట్లోంచే కేకేసింది.

"కోతులచ్చినయ్‌రా, ఆ బ్రోడీ కట్టె తీస్కపో!"